గాజు రెయిలింగుకు ఏ ఫినిష్? ఉన్నచోటే మళ్ళీ రుద్దుకోగలిగినది

హైదరాబాదులో ఇళ్ళ నిర్మాణాన్ని దగ్గరుండి చూసుకునే వృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి, పని చివరి దశకు వచ్చేసరికి ఇంటివాళ్ళు అడిగే ఒక ప్రశ్న నాకు బాగా అలవాటైపోయింది. గాజు మందం తేలిపోయి, దాన్ని పట్టి ఉంచేది నిలువు పిల్లరా, గాజు అడుగు అంచును కోరల్లో బిగించే పొట్టి దిమ్మ లాంటి స్పిగాటా అన్నది కూడా తేలిపోయాక, "లోహపు భాగాలకు నలుపు వేయిద్దామా, రోజ్ గోల్డ్ వేయిద్దామా?" అని అడుగుతారు. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఆరుబయట ఉండే బాల్కనీకి, మేడ అంచుకు ఆ రెండూ వద్దు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలును మెరుపు తగ్గి సన్నటి గీతలు తేలేలా శాటిన్‌గానో హెయిర్‌లైన్‌గానో రుద్దించి, ఆ లోహాన్ని అలాగే పైకి కనబడనివ్వాలి. పూతలు, రంగులు వేసుకోవాలనుంటే ఇంటి లోపలి మెట్లకు వేసుకోవచ్చు. ఇది నా అందాల అభిరుచిని బట్టి చెబుతున్న మాట కాదు. బాల్కనీ రెయిలింగు లోహం ఎలాగూ ఏదో ఒక రోజు పాడవుతుంది, పాడైన రోజున దాన్ని విప్పకుండా బాగుచేయగలమా లేదా అన్న ఒక్క విషయమే నా నిర్ణయానికి ఆధారం.

విప్పడం ఎందుకంత పెద్ద సంగతో ముందు చూద్దాం. గాజు బరువు మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు 2.5 కిలోలు. మన ఇళ్ళలో సాధారణంగా వాడే 12 మిల్లీమీటర్ల టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరచిన) గాజయితే చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది. రెండు 8 మిల్లీమీటర్ల పలకల మధ్య 1.52 మిల్లీమీటర్ల పొర పెట్టి అతికించిన 17.52 లామినేటెడ్ గాజయితే 40 కిలోలు దాటుతుంది. స్పిగాటును మళ్ళీ మెరుగు పెట్టించాలంటే దాని కోరల్లో ఉన్న ఈ పలకను పైకెత్తాలి, అదీ మూడో అంతస్తు బాల్కనీ అంచున నిలబడి ఎత్తాలి. టఫెన్డ్ గాజు ముఖం మీద దెబ్బకు తట్టుకున్నా, అంచు గచ్చుకు తగిలితే చాలు, మొత్తం పలక పొడిపొడిగా రాలిపోతుంది. తలుపు పిడి నచ్చకపోతే స్క్రూ డ్రైవరు తీసుకుని కాసేపట్లో మార్చుకోవచ్చు గాని, గాజును పట్టుకున్న లోహం విషయంలో ఆ వెసులుబాటు లేదు. గాజు ఉన్నన్నాళ్ళూ ఆ ఫినిష్ కూడా అక్కడే ఉంటుంది.

రంగు సంగతికి వెళ్ళే ముందు అడుగున ఉన్న లోహం ఏమిటో తేల్చుకోవాలి. రాణీగంజ్ దుకాణాల్లో "ఎస్ఎస్" (స్టెయిన్‌లెస్ స్టీలు) అని చూపించే వస్తువుల్లో కనీసం మూడు నాలుగు రకాలుంటాయి. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో నికెల్ 10 శాతం పైమాటే, దానికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. 202లో ఖరీదైన నికెల్‌ను 4 నుంచి 6 శాతానికి తగ్గించి ఆ లోటును మాంగనీసుతో పూడుస్తారు. జె4 అని పిలిచే రకంలో నికెల్ ఒక శాతం చుట్టుపక్కలే ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు ఈ నాలుగింటినీ కంటితో చూసి వేరుచేయడం అసాధ్యం. అయస్కాంతం పెట్టి, అంటుకోలేదు కాబట్టి ఇది 304 అని చూపించే దుకాణదారుడు అబద్ధం చెప్పకపోవచ్చు గాని, ఆ పరీక్ష వల్ల ఏమీ తేలదు. 202 కూడా 304 లాగే అయస్కాంతానికి అంటుకోదు, పైగా వంచి లాగిన చోట అసలైన 304 కూడా కొద్దిగా అంటుకుంటుంది. బజారులో చిన్న సీసాల్లో దొరికే పరీక్ష ద్రవాన్ని ఒక చుక్క వేసి, కిట్టుతో వచ్చే బ్యాటరీని తగిలిస్తే, మాంగనీసు ఎక్కువగా ఉన్న 200 తరగతి ఉక్కు మీద చుక్క ఎర్రబడుతుంది, 304 మీద ఎర్రబడదు. ఇంటికి వచ్చిన సరుకులో స్పిగాటు మీద ఒక చుక్క, దాని పాదాన్ని మూసే కప్పు ప్లేటు మీద ఇంకో చుక్క, హ్యాండ్‌రెయిల్ గొట్టం మీద మరో చుక్క విడివిడిగా వేసి చూడాలి. ఒకే బిల్లులో వచ్చినా మూడూ మూడు రకాలవి కావచ్చు.

316 వాడితేనే మంచిదని ఒత్తిడి చేసేవాళ్ళు కూడా ఉన్నారు. విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఇల్లుంటే నేను కూడా అదే చెబుతాను, ఎందుకంటే అక్కడ గాలిలోనే ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పులోని క్లోరైడు స్టెయిన్‌లెస్ స్టీలుకు అసలైన శత్రువు. మన నగరం సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో దక్కను పీఠభూమి మీద ఉంది. ఈత కొలను పక్కన తప్ప ఇక్కడి ఇళ్ళకు 304 చాలు. క్లోరిన్ కలిపిన కొలను నీళ్ళు చిందే చోట మాత్రం 316కు తగ్గకూడదు.

మరి ఉప్పుగాలి లేని ఊళ్ళో రెయిలింగులకు తుప్పు మచ్చలు ఎందుకు వస్తున్నాయి? నేను చూసిన ఇళ్ళలో కారణం చాలావరకు ఒకటే: యాసిడ్ వాష్. టైల్సు వేసి, సందుల్లో గ్రౌట్ నింపి, రంగులు అయిపోయాక, గృహప్రవేశానికి వారం ముందు నేల మీది సిమెంటు మరకలు పోవడానికి బకెట్లో యాసిడ్ కలిపి చీపుళ్ళతో రుద్దుతారు. ఆ యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండా ఉండడానికి కారణం దాని ఉపరితలం మీద క్రోమియం, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఏర్పరచుకునే కొన్ని నానోమీటర్ల మందపు పొర. గీత పడితే ఆ పొర తనంతట తాను మళ్ళీ అల్లుకుంటుంది గాని, క్లోరైడు దాన్ని చిల్లులు పొడిచి లోపలికి దిగుతుంది. యాసిడ్ నేరుగా తగలనవసరం కూడా లేదు, మూసి ఉన్న గదిలో దాని ఆవిరి చాలు. గృహప్రవేశం నాటికి మెరుస్తూ ఉన్న రెయిలింగు, తొలి వానాకాలం ముగిసేసరికి అడుగున గోధుమరంగు చుక్కలతో కనబడుతుంది. ఇంటివారు సరుకు నకిలీదని ఫ్యాబ్రికేటరును తిడతారు, అతను వాన మీద నెపం పెడతాడు. నేల కడిగిన కూలీ అప్పటికే ఇంకో సైటుకు వెళ్ళిపోయి ఉంటాడు.

అందుకే రెయిలింగు బిగించడానికి ముందే నేల కడిగించాలని నేను పట్టుబడతాను. తప్పనిసరై తరవాత కడగాల్సి వస్తే, క్లోరైడు లేని సల్ఫామిక్ ఆమ్లం పొడి దొరుకుతుంది, అది వాడి వెంటనే నీళ్ళతో బాగా కడిగించాలి. కాని ఇంట్లో చేరాక మనం ప్రతిరోజూ కాపలా కాయలేం. బాత్‌రూము క్లీనర్లలో చాలావాటిలో ఉండేది అదే ఆమ్లం, బాల్కనీ పాకుడుకు చల్లే బ్లీచింగ్ పౌడరులో కూడా క్లోరినే ఉంది. పనిమనిషి తడిగుడ్డ పెట్టినప్పుడల్లా ఆ నీళ్ళు స్పిగాటు పాదం దగ్గరి కప్పు ప్లేటు కిందికి చేరి, ఆరక, అక్కడే మురుగుతాయి. ఆ కప్పు ప్లేటు పైకి కనబడే అలంకారమే తప్ప బరువు మోయదన్న ధైర్యంతో దాన్ని పల్చని తక్కువ రకం రేకుతో చేయడం మామూలైపోయింది. మొదటి మచ్చ దాదాపు ఎప్పుడూ అక్కడే పుడుతుంది. పాత రెయిలింగు ఎలా ఉందో చూడడానికి ఎవరింటికైనా వెళ్తే హ్యాండ్‌రెయిల్‌ను కాక, వంగి పాదాల్ని చూడండి.

బోరు నీళ్ళది వేరే బాధ. మంజీరా నీళ్ళో కృష్ణా నీళ్ళో వచ్చే పేటల్లో అంత తెలియదు గాని, బోరు మీద, ట్యాంకర్ల మీద నడిచే కాలనీల్లో బాల్కనీ కడిగిన ప్రతిసారీ ఆరిన చుక్కచుక్కకూ తెల్లటి సున్నపు వలయం మిగులుతుంది. అది తుప్పు కాదు, పలచటి వెనిగరుతో తుడిచి మంచినీళ్ళతో కడిగితే పోతుంది. అయితే అది ఏ ఫినిష్ మీద ఎంత కనబడుతుందన్నది ముఖ్యం. అద్దంలా మెరిసే మిర్రర్ ఫినిష్ మీద బాగా కనబడుతుంది, మ్యాట్ నలుపు మీద అంతకంటే ఎక్కువ కనబడుతుంది. సన్నటి గీతల శాటిన్ బూడిదరంగులో చాలావరకు కలిసిపోతుంది.

హెయిర్‌లైన్, శాటిన్ ఫినిషులను నేను ఎందుకు సమర్థిస్తున్నానో ఇప్పుడు చెప్పవచ్చు. ఆ ఫినిషులో లోహం మీద వేరే పదార్థం ఏదీ లేదు, రాపిడి పట్టీతో ఒకే దిశలో గీసిన గీతలే దాని అందం. గీత పడినా, మచ్చ వచ్చినా, స్కాచ్‌బ్రైట్ పీచు తీసుకుని అదే దిశలో, అడ్డంగా పోకుండా, నెమ్మదిగా రుద్దితే ఆ చోటు చుట్టుపక్కల లోహంలో కలిసిపోతుంది. గాజు విప్పనక్కరలేదు, ఎవరినీ పిలవనక్కరలేదు. గిన్నెలు తోమే ఇనుప పీచు మాత్రం ముట్టుకోకూడదు, దాని తునకలు లోహంలో ఇరుక్కుని అవే తుప్పు పడతాయి. బాలానగర్‌లో ఎన్నో ఏళ్ళుగా లోహానికి మెరుగు పెట్టే బఫింగ్ పని చేస్తున్న ఒక మేస్త్రీ, శాటిన్‌నే మ్యాట్ అంటూ, ఈ తేడాను నాకంటే క్లుప్తంగా చెప్పాడు: "సార్, మ్యాట్‌దైతె మల్ల రుద్దొచ్చు. కోటింగ్‌ది రుద్దితె కోటింగే పోతది."

శాటిన్ అన్నదంతా ఒక్కటే అనుకోవద్దు. ముతక పట్టీతో గీసిన లోతైన గీతల్లో దుమ్ము, తేమ, ఉప్పు దాక్కుంటాయి, నున్నటిదాని కంటే అది త్వరగా మరక పడుతుంది. గరుకుదనం సగటున అర మైక్రాను (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ఉండాలన్నది ఆరుబయట వాడకానికి మంచి కొలత. యంత్రం లేకుండా తెలుసుకోవాలంటే గోరు అడ్డంగా గీసి చూడండి, తట్టుకుంటూ పోతే ఆ శాటిన్ వద్దు. నిలువు పిల్లర్ల మీద గీతలు నిలువుగానే ఉండాలి, అప్పుడే వాన నీళ్ళు దుమ్మును తోసుకుంటూ కిందికి జారిపోతాయి. ఈ లెక్కన చూస్తే మిర్రర్ ఫినిష్‌కు తుప్పును తట్టుకునే శక్తి శాటిన్ కంటే ఎక్కువేనని ఒప్పుకోవాలి, దాని మీద నీరు నిలవడానికి గీతలే లేవు. దాన్ని కూడా బఫ్ చేసి మళ్ళీ మెరిపించవచ్చు, కాని దానికి చక్రం, పాలిష్ ముద్ద, చేయి తిరిగిన మనిషి కావాలి. పిల్లలున్న ఇంట్లో వేలిముద్రలు తుడవడానికే ఒకరు కావాలి. పడమటి ఎండలో అది ఎదుటింటివాళ్ళ కళ్ళలోకి కొట్టే మెరుపు గురించి ఆ ఎదుటింటివాళ్ళనే అడగాలి.

ఇక రోజ్ గోల్డ్. ఈ రంగును ఎక్కువగా పీవీడీ అనే పద్ధతిలో వేస్తారు. గాలి తీసేసిన గదిలో టైటానియంను ఆవిరి చేసి, నైట్రోజన్ వదిలితే అది నైట్రైడుగా మారి ఉక్కు మీద బంగారు రంగు పొరగా కూర్చుంటుంది. కర్బనం ఉన్న వాయువును తగుపాళ్ళలో కలిపితే ఆ రంగు గులాబీ వైపు తిరుగుతుంది, ఇంకా కలిపితే నలుపు వైపు పోతుంది. ఈ పొర నిజంగానే గట్టిది, రంగు వెలవదు, దీన్ని నకిలీ అనడం అన్యాయం. నా అభ్యంతరం వేరు. ఆ పొర మందం సాధారణంగా ఒక మైక్రానుకు అటూ ఇటూ ఉంటుంది, అందులో కంటికి కనబడని సన్నటి రంధ్రాలుంటాయి, కాబట్టి తుప్పు నుంచి కాపాడే పని అడుగున ఉన్న ఉక్కుదే. గిల్టు నగకు అడుగున రాగి ఉన్నా ఇత్తడి ఉన్నా మెడలో వేసుకున్నప్పుడు ఒకేలా కనబడినట్టు, 202 మీద వేసిన రోజ్ గోల్డూ 304 మీద వేసిన రోజ్ గోల్డూ దుకాణంలో ఒకటే. ఆరుబయట పెట్టాక ఆ రంధ్రాల గుండా వచ్చే మచ్చను రుద్దితే మచ్చతో పాటు రంగు కూడా పోతుంది.

అంతకంటే ముందే ఇంకో చిక్కు వస్తుంది. పీవీడీ వేసిన గొట్టాన్ని సైటులో కోసి వెల్డింగ్ చేయకూడదు, చేస్తే ఆ చోట రంగు కాలిపోతుంది. మన మెట్లేమో నక్షాలో ఉన్నట్టు ఎప్పుడూ రావు. మలుపు దగ్గర రెండంగుళాలు తేడా వస్తుంది, కుర్రాళ్ళు కోసి, అతికి, గ్రైండ్ చేసి, జేబులోంచి బంగారు రంగు స్ప్రే డబ్బా తీసి కొడతారు. ఆ రోజు సాయంత్రం వెలుతురులో బాగానే ఉంటుంది. కొన్ని నెలలకు ఆ అతుకు గోధుమరంగులో పొట్టు లేస్తుంది, దాని పక్కన అసలు పీవీడీ చెక్కుచెదరకుండా మెరుస్తూ తేడాను ఇంకా ఎత్తి చూపిస్తుంది. పీవీడీ కావాలంటే ముందుగా ఉత్త ఉక్కుతో అంతా బిగించి చూసి, కొలతలు సరిచేసి, వెల్డింగులు ముగించి, అప్పుడు విప్పి పూతకు పంపాలి. లేదా అతుకులన్నీ స్క్రూలతోనే వచ్చేలా గీయించుకోవాలి. ఈ ఓపిక ఉన్నవారు ఇంటి లోపల నిశ్చింతగా వేయించుకోవచ్చు.

నలుపు ఎక్కువగా పౌడర్ కోటింగుతో వస్తుంది. 60 నుంచి 80 మైక్రాన్ల మందం, 180, 200 డిగ్రీల దగ్గర పొయ్యిలో కాల్చిన పొర. ఇక్కడ కూడా అడుగున ఏముందన్నదే ప్రశ్న. మామూలు ఇనుము మీద వేయిస్తే, వేసే ముందు నూనె, తుప్పు తీసి, రంగు పట్టుకునేలా ఫాస్ఫేటు పొర ఎక్కించే సెవెన్ ట్యాంక్ పద్ధతిలో అన్ని మెట్లూ పూర్తిచేశారో లేదో మనకు తెలియదు. కొందరు గుడ్డతో తుడిచి పొడి కొట్టేస్తారు. ఆరుబయటకు పాలియెస్టర్ పొడి వాడాలి, ఎపాక్సీ పొడి ఎండకు తెల్లబారి చేతికి సుద్దలా అంటుతుంది. ఇవన్నీ సరిగా చేసినా, స్క్రూ బిగించిన చోట, వెల్డింగ్ చేసిన చోట పొర తెగుతుంది, మళ్ళీ వేయించాలంటే విప్పక తప్పదు. దానికి తోడు మన ఎండ ఉండనే ఉంది. పడమటి బాల్కనీలో మే నెల మధ్యాహ్నం నల్లటి హ్యాండ్‌రెయిల్ మీద చెయ్యి ఆనించి చూసినవారికి నేను వేరే వాదన వినిపించనక్కరలేదు.

నల్లటి లోహం అంటే నాకు విముఖత ఏమీ లేదు. ఒకప్పటి నిజాం రాజ్యంలోని బీదరు పేరు మోసిన బిద్రీ పాత్రల్ని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఎంతసేపు చూసినా తనివి తీరదు. అక్కడ జింకులో కొద్దిగా రాగి కలిపిన లోహాన్ని బీదరు కోట మట్టి, నవాసాగరం కలిపిన ముద్దతో నల్లబరుస్తారు, పొదిగిన వెండి మాత్రం తెల్లగానే మిగులుతుంది. ఆ నలుపు లోహం ఉపరితలమే మారి వచ్చినది, వెలిస్తే నూనె రాసి తుడిచి మళ్ళీ తెచ్చుకుంటారు. రెయిలింగు బజారులో దొరికే నలుపుకు ఆ గుణం లేదు. పైగా ఇప్పుడు నల్లటి బ్రాకెట్లు, డి-బ్రాకెట్లు అని చౌకగా వస్తున్నవాటిలో కొన్ని జింకు మిశ్రమంతో పోత పోసినవే. అవి నెమ్మదిగా తెల్లటి పొడి రాల్చి ఉబ్బుతాయి, గాజును పట్టి ఉంచే చోట వాటిని నేను ఒప్పుకోను.

అల్యూమినియం ప్రొఫైలులో, అంటే పొడవాటి కాలువ లాంటి పట్టీలో, గాజును నిలబెట్టే పద్ధతికి ఆనోడైజింగ్ మంచి ఫినిష్. అది కూడా లోహం నుంచే పుట్టిన పొర. స్టెయిన్‌లెస్ స్క్రూలు అల్యూమినియానికి నేరుగా తగలకుండా నైలాను వాషర్లు వేయించుకుంటే, నీళ్ళు బయటికి పోవడానికి అడుగున రంధ్రాలు ఉంచితే చాలు. సిమెంటు పాలు, యాసిడ్ దాన్ని కూడా పాడుచేస్తాయి.

బంగారు రంగు మీద మనసు పడ్డవారికి ఇంటి లోపలి మెట్ల వరకు నేను చెప్పేది అసలైన ఇత్తడి, లక్క పూత లేనిది. మనకు ఇత్తడి కొత్త కాదు. జనగామ దగ్గరి పెంబర్తి పనివారు గుడి తలుపులకు, ధ్వజస్తంభాలకు తొడిగే ఇత్తడి రేకులు తరాల తరబడి చింతపండుతో తోమించుకుంటూ ఉన్నవే. చెయ్యి తగిలే చోట మెరుస్తూ, తగలని చోట ముదురుతూ ఉండే హ్యాండ్‌రెయిల్ కొందరికి నచ్చదు, నాకు మాత్రం ఇష్టం. లక్క పూత వేసిన ఇత్తడి మొదటి రెండేళ్ళు బాగుండి, ఆ తరవాత పూత లేచిన చోట మాత్రమే నల్లబడి చారలు కడుతుంది, దాన్ని తోమడానికి కూడా వీలుండదు.

"ఇంతా చేసి ఇల్లు కట్టుకుంటే ఆస్పత్రి మెట్లలా బూడిదరంగు పెట్టుకోవాలా?" అని ఒక ఇంటావిడ నన్ను సూటిగా అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు కొంతవరకు గాజులోనే ఉంది. మామూలు స్పష్టమైన గాజులో ఇనుము పాలు వల్ల అంచు ఆకుపచ్చగా కనబడుతుంది, 12 మిల్లీమీటర్ల మందంలో అది బాగా తెలుస్తుంది. దాని పక్కన రోజ్ గోల్డ్ పెడితే గులాబీ, ఆకుపచ్చ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుని ఆ అంచు ఇంకా పచ్చబడుతుంది. దుకాణంలో నమూనాకు తక్కువ ఇనుముతో చేసిన తెల్లటి గాజు పెట్టి, పైనుంచి పసుపుపచ్చ దీపం వేస్తారు కాబట్టి ఈ గొడవ అక్కడ కనబడదు. శాటిన్ బూడిదరంగు ఆ పచ్చదనంతో తగవు పడదు. ఇంటికి వెచ్చదనం కావాలంటే పైన టేకు హ్యాండ్‌రెయిల్ వేసుకోవచ్చు, ఎండలో చెయ్యి కాలదు, గీత పడితే ఉప్పుకాగితంతో రుద్ది నూనె పెట్టుకోవచ్చు. ఆవిడ చివరికి బయట శాటిన్, లోపల ఇత్తడి తీసుకున్నారు. తన డబ్బు, తన ఇల్లు, రోజ్ గోల్డే కావాలని ఉంటే నేను కాదనేవాణ్ణి కాదు, కాకపోతే అడుగున 304 ఉండాలని మాత్రం పట్టుబట్టేవాణ్ణి.

ఏ ఫినిష్ అయినా సరే, సైటులో ఒక జాగ్రత్త తప్పదు. గేటు పనివాళ్ళు మామూలు ఇనుమును గ్రైండ్ చేస్తే ఎగిరే నిప్పురవ్వలు పక్కనున్న స్టెయిన్‌లెస్ మీద పడి అతుక్కుని, నాలుగు వానలకే తుప్పు చుక్కలవుతాయి. గేటు పని ముగిశాకే రెయిలింగు సైటుకు రావాలి. వెల్డింగ్ దగ్గర కనబడే నీలి, గోధుమ చారను పికిలింగ్ పేస్టు అనే ఆమ్లపు ముద్దతో తీయించాలి, అక్కడ ఉక్కు తన రక్షణ శక్తిని కోల్పోయి ఉంటుంది. మీద అంటించి వచ్చే ప్లాస్టిక్ పొరను నెలల తరబడి ఎండలో వదిలేస్తే ఆ జిగురు గట్టిపడి లోహాన్ని వదలదు, గృహప్రవేశం రోజే తీయాలన్న పట్టింపు వద్దు.

ఆర్డరు కాగితం మీద "ఎస్ఎస్ మ్యాట్ ఫినిష్" అని మాత్రమే రాసి ఉంటే సంతకం పెట్టకండి. స్పిగాటు, కప్పు ప్లేటు, స్క్రూలు, హ్యాండ్‌రెయిల్, ప్రతిదాని ఎదురుగా 304 అని విడిగా రాయించండి. గీతల దిశ రాయించండి, సరుకు దిగగానే చుక్క పరీక్ష చేస్తామని, 304 అని తేలకపోతే వెనక్కి పంపుతామని రాయించండి. పూత రంగు తీసుకుంటున్నవారు అన్ని భాగాలూ ఒకే విడతలో పూత పెట్టినవి కావాలని అడగాలి, ఎందుకంటే రెండు విడతల రోజ్ గోల్డు ఒక్కలా ఉండదు. అదే విడతలోంచి నాలుగు కప్పు ప్లేట్లు, ఒక స్పిగాటు, హ్యాండ్‌రెయిల్ మలుపులో వేసే మోచేతి వంపు ఒకటి అదనంగా కొని, కాగితంలో చుట్టి, తేదీ రాసి అటక మీద పెట్టుకోవాలి.